తుపాకీ ఫ్యాక్టరీలను తరిమింది చట్టమేనా?

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఉండే మా తెలుగువాళ్ళ మధ్య ఆస్తి పన్ను ప్రస్తావన మొదలైతే అది ఎక్కడికి పోయి తేలుతుందో చెప్పలేం. ఈమధ్య ఒక గృహప్రవేశంలో అది కోల్ట్, వించెస్టర్, మార్లిన్ కంపెనీల దగ్గర తేలింది. "ఈ లోయలో ఒకప్పుడు ఊరికో తుపాకీ ఫ్యాక్టరీ ఉండేది. చట్టం మీద చట్టం తెచ్చి వాళ్ళకు పొమ్మనకుండా పొగబెట్టారు. వాళ్ళు కట్టే పన్నులు ఇప్పుడు మన నెత్తిన పడ్డాయి" అన్నారొక పెద్దాయన. నాకంటే చాలా ముందు కనెక్టికట్ వచ్చి స్థిరపడినవారు కాబట్టి ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు, ఎందుకంటే ఆ మాటలో కొంత నిజముంది. ఎంత నిజముందో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను ఎటువైపో ముందే చెప్పడం న్యాయం. 2012 డిసెంబరు 14న న్యూటౌన్‌లోని శాండీ హుక్ బడిలో కాల్పుల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దవాళ్ళు చనిపోయిన నాటికి మా పెద్దమ్మాయి ఒకటో తరగతి చదువుతోంది. ఆ ఊరు మా ఇంటికి గంట ప్రయాణం. నాలుగు నెలలు తిరగకముందే గవర్నర్ డానెల్ మలోయ్ సంతకం చేసిన తుపాకుల చట్టాన్ని నేను అప్పుడు సమర్థించాను, ఇప్పుడూ సమర్థిస్తున్నాను. అయితే ఒక చట్టాన్ని సమర్థించేవాడికి దాని ఖర్చెంతో, ఆ ఖర్చు ఎవరి సంసారంలోంచి పోయిందో చూసే బాధ్యత కూడా ఉంటుంది. ఎదుటివాళ్ళు చెప్పే ఖర్చంతా ఆ చట్టం ఖాతాలోనే రాయాలా అని అడిగే హక్కు కూడా ఉంటుంది.

నూటికి ఒక్క కొనుగోలుదారు

2013 నాటి కనెక్టికట్ చట్టం సైనిక తుపాకీని పోలిన ఏఆర్-15 తరహా రైఫిళ్ళనూ, పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లనూ రాష్ట్రంలో అమ్మకుండా కట్టడి చేసింది. వాటిని ఇక్కడ తయారుచేసి బయటి రాష్ట్రాలకు పంపడాన్ని మాత్రం ఆపలేదు. మన రాష్ట్ర జనాభా 36 లక్షలు, దేశ జనాభా 33 కోట్ల పైచిలుకు. అంటే ఇక్కడి ఫ్యాక్టరీ కోల్పోయిన సొంత రాష్ట్రపు మార్కెట్ మొత్తం దేశంలో దాదాపు ఒక శాతం. ఒక శాతం మార్కెట్ పోయినందుకు మిషన్లు పీకి, బోల్టులు విప్పి, వెయ్యి మైళ్ళ దూరంలో మళ్ళీ బిగించుకునే వ్యాపారి ఎవడూ ఉండడు.

కొలరాడోలోనూ ఇదే జరిగింది. 2013 మార్చిలో అక్కడ పదిహేను తూటాలకు మించిన మ్యాగజైన్లను నిషేధించినప్పుడు ఈరీ అనే ఊళ్ళో మ్యాగజైన్లు తయారుచేసే మ్యాగ్‌పుల్ కంపెనీ కోసం ప్రత్యేకంగా ఒక మినహాయింపు రాశారు. ఆ ప్రకారం బయటి రాష్ట్రాలకు అమ్మే సరుకును నిక్షేపంగా తయారు చేసుకోవచ్చు. అయినా మ్యాగ్‌పుల్ 2014లో తయారీని వయోమింగ్‌లోని షయాన్‌కు, ప్రధాన కార్యాలయాన్ని టెక్సస్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించింది. చట్టం ఆ కంపెనీ చేయి పట్టుకున్నది లేదు, మరి ఎందుకు పోయినట్టు?

దీనికి జవాబు నాకు మా ఆఫీసు భోజనాల గదిలో దొరికింది. నాతో పనిచేసిన ఒక అమెరికన్ సహోద్యోగికి నవంబరు వచ్చిందంటే వెర్మాంట్ అడవుల్లో జింకల వేట తప్పనిసరి. 2013 వసంతంలో ఆయన అన్నమాట నాకింకా గుర్తుంది: "కోల్ట్ వాళ్ళు ఈ రాష్ట్రంలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళ సరుకు ముట్టను. నేనిచ్చే డబ్బులో పన్ను పోయి మలోయ్ ఖజానాలో పడుతుంది." మీరూ ఇదే ఖజానాకు పన్ను కడుతున్నారు కదా అన్నాను. ఆయన నవ్వి, "నా పిల్లల బడి ఇక్కడుంది, నేను కదలలేను. వాళ్ళు కదలగలరు కదా" అన్నాడు.

తుపాకీ కంపెనీలు ప్రభుత్వం కంటే ఇలాంటి కొనుగోలుదారుడికే ఎక్కువ భయపడతాయి. ఆ భయానికి కారణముంది. 2000 మార్చిలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ క్లింటన్ ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకుంది. తుపాకులకు తాళాలు అమర్చడం, దుకాణదారుల మీద షరతులు పెట్టడం వంటివి అందులో ఉన్నాయి. అది చట్టం కూడా కాదు, కంపెనీ తనంతట తాను ఒప్పుకున్న కాగితం మాత్రమే. తుపాకుల ప్రేమికులు ఆ కంపెనీని వెలివేశారు, అమ్మకాలు కుప్పకూలాయి. 1987లో ఆ కంపెనీని 11 కోట్ల 25 లక్షల డాలర్లకు కొన్న టామ్‌కిన్స్ అనే బ్రిటిష్ సంస్థ, 2001లో అప్పులతో సహా అప్పగించి కోటిన్నర డాలర్లకు వదిలించుకుంది. ఆ పాఠం ఆ పరిశ్రమలో ఎవరూ మరిచిపోలేదు. రాష్ట్రం కఠినమైన చట్టం తెచ్చినప్పుడు అక్కడి తయారీదారు ఏదో ఒక చప్పుడు చేయకపోతే, ఊరుకున్నాడన్న అపకీర్తి దేశమంతా పాకుతుంది. అందుకే 2013 మార్చిలో కోల్ట్ యాజమాన్యం ఫ్యాక్టరీకి ఒక రోజు సెలవిచ్చి కార్మికులను బస్సుల్లో శాసనసభకు పంపింది.

అంత చప్పుడు చేసిన కోల్ట్ ఇప్పటికీ వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లోనే ఉంది. 2013లో సైన్యానికి ఎం4 కార్బైన్లు సరఫరా చేసే కాంట్రాక్టును పోటీదారుకు పోగొట్టుకుంది, అప్పులు పెరిగి 2015లో దివాలా పిటిషన్ వేసింది, 2021లో చెక్ దేశపు తుపాకీ కంపెనీ చేతికి వచ్చింది. ఇన్ని జరిగినా ఊరు మాత్రం మారలేదు.

చట్టం రాకముందే ఖాళీ అయిన షెడ్లు

ఇప్పుడు ఆ పెద్దాయన చెప్పిన మిగతా రెండు పేర్లు చూద్దాం. న్యూ హేవెన్‌లోని వించెస్టర్ ఫ్యాక్టరీ 2006 మార్చిలో మూతపడింది. చివరి రోజుల్లో అక్కడ రెండు వందల మంది కూడా లేరు. నార్త్ హేవెన్‌లోని మార్లిన్ ఫ్యాక్టరీని మూసేస్తామని 2010లో ప్రకటించి 2011లో మూసేశారు. శాండీ హుక్‌కు ముందే రెండూ ముగిసిపోయాయి. కనెక్టికట్‌లో 1993 నుంచే అసాల్ట్ వెపన్ల (సైనిక తరహా తుపాకుల) నిషేధం ఉందన్నది నిజమే. కానీ వించెస్టర్, మార్లిన్ పేరు తెచ్చుకున్నది కౌబాయ్ సినిమాల్లో కనిపించే లివర్ రైఫిళ్ళతో, వేట తుపాకులతో. వాటిని ఆ నిషేధమూ తాకలేదు, 2013 నిషేధమూ తాకలేదు.

మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ మెషినిస్టు మార్లిన్‌లో పనిచేశాడు. ఆయన గ్యారేజీలో ఓక్ చెక్కతో చేసిన పనిముట్ల పెట్టె ఒకటుంది. దాని సొరుగుల అడుగున ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ, ఆ గుడ్డలో పనిముట్లు ఏళ్ళ తరబడి పడుకున్న చోట పడిన గుంటలు, పై సొరుగులో స్టారెట్ మైక్రోమీటరు. నేను సాఫ్ట్‌వేరు మనిషిని కాబట్టి ఆ మైక్రోమీటరుతో ఒక కాగితం మందం కొలిచి చూపించి, మళ్ళీ నా తలవెంట్రుక మందం కొలిచి చూపించాడు. చట్టాలే మీ ఫ్యాక్టరీని మూయించాయా అని అడిగితే ఆయన ముఖంలో విసుగు కనిపించింది. "2008లో మమ్మల్ని రెమింగ్టన్ కొన్నది. రెమింగ్టన్‌ను అంతకుముందే వాల్ స్ట్రీట్ వాళ్ళు కొన్నారు. ఇన్ని కొన్నాక ఏదో ఒకటి మూసి లెక్క చూపించాలి కదా" అన్నాడు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మార్లిన్ మిషన్లను న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కు తరలించారు గానీ, వాటితోపాటు మనుషులు వెళ్ళలేదు. "డ్రాయింగులో రాసిన కొలత ఒకటి, ఆ మిషను మీద మేము నిజంగా పెట్టే కొలత ఇంకొకటి. ఆ తేడా మా బుర్రల్లో ఉండేది గానీ ఏ కాగితం మీదా లేదు." ఇలియన్‌లో తయారైన తొలి మార్లిన్ రైఫిళ్ళ నాణ్యత మీద కొనుగోలుదారులు ఏళ్ళ తరబడి ఫిర్యాదు చేశారన్నది తుపాకుల లోకంలో అందరికీ తెలిసిన విషయమే. ఫ్యాక్టరీ అంటే షెడ్డూ మిషన్లూ మాత్రమే అయితే, రాయితీ ఎక్కువ ఇచ్చే చోటికి దాన్ని మార్చడం సులభం. అందులో పాత కార్మికుల చేతినైపుణ్యం కూడా ఒక భాగమైనప్పుడు మారడం చాలా ఖర్చుతో కూడిన పని అవుతుంది. ఈ విషయం స్మిత్ అండ్ వెస్సన్ దగ్గర మళ్ళీ వస్తుంది.

యజమానీ ప్రభుత్వమే, నిషేధించిందీ ప్రభుత్వమే

మా రాష్ట్ర చరిత్రలో ఒక విచిత్రమైన ఘట్టముంది. ఇక్కడే పుట్టి పెరిగిన మా పిల్లల తరానికి దాని సంగతి తెలియదు. 1986లో కోల్ట్ కార్మికులు మొదలుపెట్టిన సమ్మె దాదాపు నాలుగేళ్ళు నడిచింది. 1990లో ఆ కంపెనీని కొత్త మదుపరులు కొన్నప్పుడు, ఉద్యోగాలు కాపాడటం కోసం కనెక్టికట్ రాష్ట్ర పెన్షన్ నిధి నుంచి రెండున్నర కోట్ల డాలర్లు పెట్టి 47 శాతం వాటా తీసుకున్నారు. రెండేళ్ళకే, 1992లో, కంపెనీ దివాలా రక్షణ కోరింది. ఆ మరుసటి సంవత్సరం అదే రాష్ట్ర శాసనసభ అసాల్ట్ వెపన్ల నిషేధం తెచ్చి, నిషిద్ధ తుపాకుల జాబితాలో కోల్ట్ స్పోర్టర్ రైఫిల్‌ను పేరుపెట్టి మరీ చేర్చింది. అది కోల్ట్‌కు ముఖ్యమైన సరుకు. పెన్షన్ నిధి వాటాదారుగా ఉండగానే ఇదంతా జరిగింది.

దీన్ని ప్రభుత్వపు తెలివితక్కువతనంగా చెప్పి నవ్వుకునేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం ఇందులో ఒక నిజాయితీ కనిపిస్తుంది. సొంత డబ్బు పోతుందని తెలిసి కూడా శాసనసభ్యులు ఆ పేరును జాబితాలోంచి తీయలేదు. తమ పెట్టుబడి ఉన్న సరుకును వదిలిపెట్టి, పొరుగు రాష్ట్రాల సరుకును మాత్రమే నిషేధించి ఉంటే మనం వాళ్ళను ఏమనేవాళ్ళం? అయితే పెన్షన్ డబ్బును అలాంటి చోట పెట్టడమే తప్పు కదా అంటే, అవును, తప్పే. ఉద్యోగాలు కాపాడాలన్న ఆత్రంలో ప్రభుత్వాలు చేసే తప్పు అది. ఇప్పటి రాయితీల రాజకీయానికి అది తాతలాంటిది.

ఇలియన్, హంట్స్‌విల్

చట్టమే కారణమని వాదించేవాళ్ళు తప్పకుండా రెమింగ్టన్ పేరు ఎత్తుతారు. 1816లో మొదలైన కంపెనీ, న్యూయార్క్ రాష్ట్రపు మోహాక్ లోయలోని ఇలియన్ అనే చిన్న ఊరు. 2013 జనవరిలో గవర్నర్ ఆండ్రూ క్యూమో తుపాకులను కట్టడి చేసే సేఫ్ చట్టం తెచ్చారు, 2014లో రెమింగ్టన్ అలబామాలోని హంట్స్‌విల్‌లో పెద్ద ఫ్యాక్టరీ పెడుతున్నట్టు ప్రకటించి ఇలియన్ నుంచి కొన్ని తుపాకుల తయారీని అక్కడికి మార్చింది, 2024 మార్చిలో ఇలియన్ ఫ్యాక్టరీ పూర్తిగా మూతపడింది. ఇలా వరుసగా చెబితే కథ స్పష్టంగానే ఉంటుంది.

మధ్యలో వదిలేసినవి కూడా చెబితే అది మరో కథ అవుతుంది. 2007లో సెర్బెరస్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ రెమింగ్టన్‌ను కొని అనేక తుపాకీ కంపెనీలను దానికి కలిపింది, ఆ గొడుగు కింద అప్పు కొండలా పెరిగింది. హంట్స్‌విల్‌లో దాదాపు 2,000 ఉద్యోగాలు ఇస్తామని చెప్పి ప్రజల డబ్బు కోట్ల డాలర్లు రాయితీగా తీసుకున్నారు. అన్ని ఉద్యోగాలు ఎన్నడూ రాలేదు. కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా తీసింది. తుపాకులకు అత్యంత అనుకూలమైన చట్టాలున్న అలబామాలోని ఫ్యాక్టరీ 2020 దివాలాతో మూతపడింది. కఠినమైన చట్టాలున్న న్యూయార్క్‌లోని ఇలియన్ మాత్రం ఆ తర్వాత కూడా కొత్త యజమానుల చేతిలో కొన్నాళ్ళు నడిచింది. ఎక్కడికి పోతే బాగుపడతామన్నారో ఆ చోటు ముందు మునిగింది, ఎక్కడ బతకలేమన్నారో ఆ చోటు తర్వాత మునిగింది. దీన్ని బట్టి చట్టానికి ఏ ప్రభావమూ లేదని నేననను. ప్రధాన కారణం అదే అనడానికి మాత్రం ఈ వరుస ఒప్పుకోదు.

2023 చివర్లో ఇలియన్‌ను మూసేస్తున్నామని తెలుపుతూ కొత్త యజమానులు యూనియన్‌కు రాసిన ఉత్తరంలో రెండు కారణాలూ పక్కపక్కనే ఉన్నాయి. అంత పాత భవనాలను నడపడానికయ్యే ఖర్చు భరించలేకపోతున్నామన్నది ఒకటి, న్యూయార్క్ శాసన వాతావరణం తమ పరిశ్రమకు ఆందోళనకరంగా ఉందన్నది రెండోది. పత్రికల శీర్షికల్లోకి ఎక్కువగా వెళ్ళింది రెండోదే. శతాబ్దాల నాటి ఊళ్ళో నాలుగు అంతస్తుల ఇటుక కట్టడంలో ఫ్యాక్టరీ నడపడమంటే సరుకును లిఫ్టుల్లో పైకీ కిందికీ తిప్పుతూ ఉండడమే. కొత్త యజమానులు ఎంచుకున్న జార్జియాలోని లగ్రాంజ్‌లో ఆ బాధ ఉండదు. ఈ లాభం ఏ చట్టం లేకపోయినా లాభమే.

చట్టం గురించి మాట్లాడేటప్పుడు మరొక వైపు కూడా చూడాలి. నిషేధం వస్తుందన్న భయమే ఈ పరిశ్రమకు అమ్మకాల సీజను. శాండీ హుక్ తర్వాత 2013లో ఎఫ్‌బీఐ వ్యవస్థలో నమోదైన, తుపాకీ కొనేవాళ్ళ నేపథ్య పరిశీలనలు 2.1 కోట్లు దాటాయి, అంతకు ముందెన్నడూ అన్ని లేవు. 2016లో ట్రంప్ గెలిచాక నిషేధం వస్తుందన్న భయం పోయింది, దానితోపాటు గిరాకీ కూడా తగ్గింది. రెమింగ్టన్ మొదటిసారి దివాలా తీసిన 2018లో వాషింగ్టన్‌లో ఉన్నది తుపాకుల పరిశ్రమకు ఎంతో అనుకూలమైన ప్రభుత్వం.

చట్టం నిజంగా కోసిన చోట్లు

ఇంతవరకు చదివినవాళ్ళు నేను చట్టాన్ని పూర్తిగా నిర్దోషిగా తేల్చబోతున్నానని అనుకోవచ్చు. అలా తేల్చడం కుదరదు.

ఒకే ఒక్క సరుకు తయారుచేసే చిన్న కంపెనీల సంగతి వేరు. బ్రిస్టల్‌లో ఉన్న పీటీఆర్ సైనిక తరహా రైఫిళ్ళే తయారుచేసేది. 2013లోనే చట్టాన్ని కారణంగా చూపించి దక్షిణ కరొలైనాకు పోయింది. న్యూ బ్రిటన్‌లోని స్టాగ్ ఆర్మ్స్ ఏఆర్-15ల కంపెనీ, అది కొన్నేళ్ళ తర్వాత వయోమింగ్ చేరింది. వీటి కొనుగోలుదారులంతా నా సహోద్యోగిలాంటివాళ్ళే. పెద్ద కంపెనీ ఆ కోపాన్ని ఓర్చుకోగలదు, చిన్నది ఓర్చుకోలేదు.

కాలిఫోర్నియాలో చట్టం ఇంకా నేరుగా పనిచేసింది. అసలు అక్కడి పరిశ్రమ పుట్టిందే ఒక చట్టం వల్ల. 1968 కేంద్ర చట్టం చవకరకం చిన్న పిస్తోళ్ళ దిగుమతిని ఆపింది గానీ, దేశంలోపల వాటి తయారీని ఆపలేదు. ఆ ఖాళీలో లాస్ ఏంజెలెస్ చుట్టూ రేవెన్, లార్సిన్, డేవిస్, బ్రైకో వంటి కంపెనీలు మొలిచి దేశానికంతటికీ చవక పిస్తోళ్ళు పోశాయి. 1999లో కాలిఫోర్నియా తెచ్చిన చట్టం కింద పడేస్తే పేలకూడదనీ, వరుసగా కాల్చినా మొరాయించకూడదనీ పరీక్షలు పెట్టింది. అందులో తప్పిన పిస్తోలును రాష్ట్రంలో అమ్మడమే కాదు, తయారుచేయడం కూడా నేరమంది. దావాలు, దివాలాలు, ఈ చట్టం కలిసి ఆ గుంపును చాలావరకు తుడిచిపెట్టాయి. బ్రైకో దివాలా తీశాక దాని ఆస్తులను ఫోర్‌మ్యానే కొని, కొన్నాళ్ళకు తయారీని నెవాడాకు మార్చాడు. నాసిరకం పిస్తోళ్ళ తయారీ ఆగినందుకు నాకైతే చింత లేదు. అయితే చట్టం ఫ్యాక్టరీని మూయించలేదన్న వాదన ఇక్కడ చెల్లదు.

మేరీలాండ్‌లోని బెరెట్టా తుపాకీ కంపెనీ కథ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 2013 బిల్లు మొదటి రూపంలో అక్కడి తయారీకే అడ్డుపడేలా ఉంది, చివరికి సవరించారు. అయినా తయారీ మొత్తాన్ని టెనెసీలోని గాలటిన్‌కు మారుస్తున్నట్టు 2014లో కంపెనీ ప్రకటించింది. సవరించిన ఆంక్ష రేపు మళ్ళీ రాదన్న నమ్మకం లేదన్నది కంపెనీ చెప్పిన కారణం. ఈ కారణాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇరవై ఏళ్ళు పనిచేయాల్సిన మిషను కొనేవాడు నేటి చట్టంతోపాటు రాబోయే చట్టాన్ని కూడా అంచనా వేసుకోవాలి. చట్టంలో లేని సెక్షన్ కూడా ఫ్యాక్టరీని కదిలించగలదు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏది పోయింది, ఏది మిగిలింది

స్మిత్ అండ్ వెస్సన్ 1852 నాటి కంపెనీ, హార్ట్‌ఫర్డ్ నుంచి అరగంట దూరంలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ దాని ఇల్లు. మసాచుసెట్స్‌లో అసాల్ట్ వెపన్ల అమ్మకం మీద నిషేధం చాలాకాలంగా ఉంది. అయినా అక్కడ తయారుచేసి బయట అమ్ముకోవడానికి అభ్యంతరం లేదు. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో హంతకుడు వాడిన రైఫిల్ ఈ కంపెనీదే. 2021లో కొందరు శాసనసభ్యులు ఒక బిల్లు పెట్టారు. సైన్యానికీ పోలీసులకూ తప్ప ఆ తరహా తుపాకులను రాష్ట్రంలో తయారుచేయనే కూడదన్నది దాని సారాంశం. ఆ బిల్లు దెబ్బ తగిలే సరుకు నుంచే తమ ఆదాయంలో 60 శాతానికి పైగా వస్తోందని చెప్పి, 2021 సెప్టెంబరు 30న కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని టెనెసీలోని మేరీవిల్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించింది. బిల్లు అప్పటికి చట్టం కాలేదు, ఆ తర్వాత కూడా కాలేదు.

ఇక్కడ కారణం చట్టమే అని ఒప్పుకోవడానికి నేను సిద్ధపడ్డాను. అరవై శాతం ఆదాయం ఆగిపోవచ్చనే ప్రమాదాన్ని ఏ యాజమాన్యమూ పట్టించుకోకుండా ఉండదు. కానీ ప్రకటన పూర్తిగా చదివితే ఇంకో వివరం ఉంది. మేరీవిల్‌కు తరలేవాటిలో మిస్సోరి రాష్ట్రంలోని పంపిణీ కేంద్రం కూడా ఉంది. కేంద్ర తుపాకీ చట్టాలను మా పోలీసులు అమలుచేయరని అదే ఏడాది చట్టం చేసుకున్న రాష్ట్రం మిస్సోరి. అక్కడి నుంచి ఎందుకు వెళ్ళినట్టు? అన్నీ ఒకేచోట ఉంటే ఖర్చు తగ్గుతుంది, టెనెసీలో పన్ను రాయితీలున్నాయి, కొత్త భవనం ఉంటుంది. మసాచుసెట్స్ బిల్లు వల్ల వెళ్ళారన్నది నిజం, ఆ బిల్లు వల్లనే వెళ్ళారన్నది సగం నిజం.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దాదాపు 550 ఉద్యోగాలకు దెబ్బ తగులుతుందన్నారు, వెయ్యికి పైగా మిగులుతాయన్నారు. మిగిలినవి ఏవంటే ఇనుమును ఎర్రగా కాల్చి అచ్చుల్లో కొట్టే ఫోర్జింగ్, మిషన్ల మీద చెక్కడం, లోహానికి మెరుగుపెట్టడం, రివాల్వర్ల కూర్పు. పోయినవి రైఫిళ్ళ కూర్పు, పిస్తోళ్ళ కూర్పు, ఆఫీసు. అంటే కొత్త మనుషులకు త్వరగా నేర్పించగలిగిన పని దక్షిణానికి వెళ్ళింది, నేర్పడానికి ఏళ్ళు పట్టే పని ఉత్తరాన ఉండిపోయింది. మార్లిన్‌కు జరిగింది చూసినవాళ్ళు ఫోర్జింగ్ షాపును కదిలించే సాహసం చేయరు. గవర్నర్ల ఉపన్యాసాల్లో ఈ లెక్క ఎక్కడా వినపడదు.

మనవాళ్ళకు ఈ తరహా వాదన కొత్తేం కాదు. చిత్తూరు జిల్లాలో కాలుష్య నియంత్రణ మండలితో వివాదం నడిచిన అమర రాజా 2022 డిసెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించినప్పుడు, తరిమేశారని ఒక పక్షం, వ్యాపారం కోసం వెళ్ళారని ఇంకో పక్షం ఎంత గట్టిగా అరుచుకున్నాయో గుర్తుండే ఉంటుంది. కానీ తుపాకుల విషయంలో భారతదేశంలో ఇలాంటి తగాదా పుట్టే వీలే లేదు, ఎందుకంటే ఆయుధాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయి. అమెరికాలో రాష్ట్రానికో చట్టం కాబట్టి, ఒక రాష్ట్రం నిషేధం పక్క రాష్ట్రానికి పెట్టుబడుల ఆహ్వానపత్రిక అవుతోంది. నన్నడిగితే రాష్ట్ర చట్టం ఫ్యాక్టరీ వెళ్ళాలా వద్దా అన్నదాన్ని తేల్చడం అరుదు. ఎప్పుడు వెళ్ళాలి, ఎటు వెళ్ళాలి, వెళ్ళేటప్పుడు ఎవరి మీద నింద వేయాలి అన్న మూడింటినీ మాత్రం చాలావరకు అదే తేలుస్తోంది.

ఊళ్ళో అమ్మకూడనిది ఊళ్ళో తయారుచేయవచ్చా?

మినహాయింపు సెక్షన్ గురించి నాకు మొదటినుంచీ ఒక ఇబ్బంది ఉంది. మా పిల్లల బడి దగ్గర ఈ తుపాకీ ఉండకూడదు, దీన్ని మా ఊళ్ళో తయారుచేసి ఫ్లోరిడా పిల్లల బడి ఉన్న ఊరికి అమ్ముకుంటే మాత్రం మాకు అభ్యంతరం లేదు. కనెక్టికట్, కొలరాడో చట్టాలు నిజానికి ఈ మాటే చెబుతున్నాయి. 2021 మసాచుసెట్స్ బిల్లు ఈ మాట చెప్పడానికి ఒప్పుకోలేదు. పార్క్‌లాండ్ తర్వాత ఆ వేసవిలో స్మిత్ అండ్ వెస్సన్ గేటు దాకా యాభై మైళ్ళు నడిచి వెళ్ళిన పిల్లలు అడిగింది కూడా దీన్నే. ఆ బిల్లు వల్ల దేశంలో ఒక్క రైఫిల్ కూడా తగ్గదు, టెనెసీలో తయారవుతుంది, అంతే కదా అన్న వాదనకు నా దగ్గర లెక్కతో కూడిన జవాబు లేదు. తగ్గకపోవచ్చు. అయినా అలాంటి బిల్లు మా శాసనసభకు వస్తే నేను సమర్థిస్తాను, కోల్ట్ వెళ్ళిపోయే ప్రమాదముందని తెలిసే సమర్థిస్తాను.

మా వీధి మెషినిస్టుకు ఈ మాట చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. "నీ మనశ్శాంతికి ధర నా తోటివాళ్ళు కట్టాలన్నమాట" అన్నాడు. ఆ మాట న్యాయమైనదే కాబట్టి, బిల్లులో నేను కోరుకునేది కూడా చెప్పాను. నిషేధం అమల్లోకి వచ్చే తేదీ కంటే ముందే ఒక నిధి ఉండాలి, పని పోయిన ప్రతి కార్మికుడికీ రెండేళ్ళ జీతం, ఆరోగ్య బీమా నేరుగా అందాలి, కంపెనీకి ఒక్క డాలరు కూడా వెళ్ళకూడదు. 2020 అక్టోబరులో ఇలియన్‌లో 585 మందిని తీసేసినప్పుడు వాళ్ళకు రావాల్సిన పరిహారం, ఆరోగ్య బీమా దివాలా పేరు చెప్పి ఎగ్గొట్టారు. రాయితీలకు వెతికితే దొరికే డబ్బు అలాంటి రోజున ఏ రాష్ట్రంలోనూ దొరకలేదు.

ఆయన కాసేపు ఆలోచించి ఒక అభ్యంతరం చెప్పాడు. అలా చేస్తే ఎలాగూ మూసేద్దామనుకున్న ప్రతి కంపెనీ నీ చట్టం పేరు చెప్పే మూసేస్తుంది, కార్మికుల భారం ప్రభుత్వం మీద పడేసి చేతులు దులుపుకుంటుంది అన్నాడు. మార్లిన్ యాజమాన్యాన్ని చూసిన మనిషి కాబట్టి ఆయన అనుమానం వట్టిది కాదు. దానికి విరుగుడు కూడా చట్టంలోనే రాయాలని నా అభిప్రాయం. వెళ్ళిపోయే కంపెనీ గత పదేళ్ళలో ఏ రాష్ట్రాల నుంచి ఏ రాయితీలు తీసుకుందో, ఎంత అప్పు చేసిందో, ఆ అప్పులో యజమానులు లాభంగా ఎంత తీసుకుపోయారో బయటపెట్టాకే ఆ నిధి తలుపు తెరవాలి, లాభం తీసుకుపోయినవాళ్ళ నుంచి ఆ మేరకు వసూలు చేయాలి. ఇంత పకడ్బందీగా రాసిన బిల్లు శాసనసభ దాటి వస్తుందా అంటే ఆయనకు నమ్మకం లేదు, నాకు కొంచెం ఉంది.